అన్నీ నూలువే

గిరావీన్ తెలుగు సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక టీ కప్పులు పట్టుకుని నిలబడే ఆంటీలకు సవాలక్ష విషయాల్లో పేచీలున్నా ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయం ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లల్లో నోరారా తెలుగు మాట్లాడేది అమృతంగారి కరోలిన్ ఒక్కతే. మిగతా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. కరోలిన్ అలా కాదు. "బాగున్నారా ఆంటీ, మోకాలు నొప్పి తగ్గిందా?" అని మొదలుపెట్టి, ఆంటీ ఆ నొప్పి పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేదాకా ఓపిగ్గా వింటుంది. వాళ్ళు మురిసిపోయి ఆ పిల్లని మునగచెట్టు ఎక్కించారు. ఇరవై ఏళ్ళ పిల్ల, ఎక్కమంటే ఎక్కకుండా ఉంటుందా?

ఆ చెట్టుమీద ఉండగానే జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, ఒక మంగళవారం సాయంత్రం, పారమట్టా స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా, కరోలిన్‌కు హీథర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. హీథర్ కరోలిన్ చదివే యూనివర్సిటీలో ఫీల్డ్ ట్రిప్పులు నడిపే మనిషి. యాభై దాటింది, ఏటా చలికాలంలో ఆరుగురు విద్యార్థుల్ని మూడు పడవల్లో షోల్‌హేవెన్ నది మీదికి తీసుకెళ్తుంది. దారి పొడుగునా నీటి నమూనాలు పట్టడం, రాత్రి ఒడ్డున గుడారాల్లో పడుకోవడం, మర్నాడు సాయంత్రానికి డ్యామ్ దగ్గర తేలడం. ఈసారి కరోలిన్ ఆమెకు సహాయకురాలు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే పడవ ప్రయాణాలు రెండు చేసింది కానీ రాత్రి నది ఒడ్డున పడుకోవడం ఆమెకూ ఇదే మొదలు. ఆ సంగతి జూనియర్ల దగ్గర పెద్దగా ఎత్తలేదు.

మెసేజ్‌లో ఉన్నది ఇంతే. ఒక కుర్రాడు జ్వరంతో మానుకున్నాడు, ఆ సీటు మాస్టర్స్ చదువుతున్న శేషుకుమారికి ఇచ్చాను, సామాన్ల జాబితా ఆమెకు ఈరోజే పంపు.

పంపడమంటే ఎంత పని, రెండు నొక్కులు. కానీ శేషుకుమారి తెలుగమ్మాయి. తణుకు నుంచి వచ్చి ఆరు నెలలైంది, ఇంగ్లీషులో ఏదైనా అడగాలంటే ముందు గొంతు సవరించుకుంటుంది. అలాంటి మనిషికి ఇంగ్లీషు జాబితా పడేసి ఊరుకోవడమేమిటి, తెలుగులో విడమరిచి చెప్తే ఎంత సంతోషిస్తుంది అనుకుంది కరోలిన్. ఇందులో ఎదుటి మనిషి సంతోషం ఎంతో, తన సంతోషం ఎంతో ఆ క్షణాన తేల్చుకోలేదు. ఫోన్ చేసింది.

"అక్కా, నేను కరోలిన్‌ని. శాటర్‌డే ట్రిప్‌కి నీకు సీట్ కన్ఫర్మ్ అయింది."

"అమ్మయ్య! నిజంగానా? నా ప్రాజెక్టంతా చలికాలం నీళ్ళ మీదే కదా కరోలిన్. ఇది తప్పితే మళ్ళీ వచ్చే ఏడు దాకా ఆగాల్సిందేనని మా సార్ చెప్పేశారు. రెండ్రోజుల్నుంచి అన్నం సయించట్లేదనుకో. అవునూ, ఏమేం తెచ్చుకోవాలో లిస్టుందా?"

"మెయిల్ పెడతాలే. ఈలోపు నేను తెలుగులో చెప్పేస్తా, ఈజీగా ఉంటుంది. మెయిన్ థింగ్ ఏంటంటే బట్టలు. అన్నీ నూలువే ఉండాలి."



"నూలువా?"

"అవునక్కా. సాక్స్, క్యాప్, లోపల వేసుకునేవి, పైన వేసుకునేవి, అన్నీ నూలువే. వేరేవి అస్సలు పెట్టుకోకు. హీథర్ వెరీ స్ట్రిక్ట్."

"అంత చలిలో నూలు ఆగుతుందంటావా? నా దగ్గర మంచి స్వెట్టర్ ఉంది, మా మేనత్త ఇచ్చింది. అది తెచ్చుకోనా?"

"అది నూలుదేనా?"

"కాదు."

"అయితే వద్దు."

"ఎందుకైనా మంచిదని అడుగుతున్నా. మా వైపు నూలు బట్టలు ఎండాకాలం కట్టుకుంటాం. నువ్వనేది నూలేనా?"

కరోలిన్‌కు నవ్వొచ్చింది. నవ్వింది కూడా. "నూలే అక్కా! అక్కడి చలి వేరు, ఇక్కడి చలి వేరు. నూలు తడిసినా వెచ్చగా ఉంటుంది. సైన్స్ అది, ట్రస్ట్ మీ."

శేషుకుమారి సరేనంది. వచ్చి ఆరు నెలలైనది ఆమె, ఇక్కడే పుట్టింది ఈమె. ఆ తర్వాత టార్చి లైటు, రెండు జతల బూట్లు, సొంత గిన్నె, చెంచా అంటూ కరోలిన్ గడగడా చెప్పుకుపోయింది. ఒక్క మాటకీ తడుముకోలేదు. రైలొచ్చింది, ఎక్కింది, కిటికీ పక్కన సీటు దొరికింది. అంతసేపు తెలుగులో మాట్లాడినందుకు తనమీద తనకే ముచ్చటేసింది. ఆ ముచ్చటలో మెయిల్ సంగతి మరిచిపోయింది.

గురువారం మధ్యాహ్నం ల్యాబుల వెనక ఉన్న పెద్ద షెడ్డులో సంచుల తనిఖీ పెట్టింది హీథర్. నేలమీద నీలం టార్పాలిన్ పరిచి, ఒక్కొక్కరూ తెచ్చిందంతా దానిమీద గుమ్మరించాలి. చూసి బాగుందంటే డ్రై బ్యాగ్‌లో సర్దుకోవాలి. డ్రై బ్యాగ్ అంటే నీళ్ళు చొరని మందపాటి సంచి. బట్టలు చుట్టలు చుట్టి అందులో కూరి, మోకాలితో నొక్కి గాలంతా తీసేసి, మూతి మూడు మడతలు పెట్టి బిగించాలి. రెండు మడతలైతే నీళ్ళు లోపలికొస్తాయి. కరోలిన్ చకచకా చేసి చూపించింది. హీథర్ తల ఊపి, "గుడ్" అంది. హీథర్ నోట ఆ మాట తరచుగా రాదు.

శేషుకుమారి వంతు ఆఖరున వచ్చింది. ఆమె గుమ్మరించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే తీసి వరసగా పరిచింది. అన్నీ ఇస్త్రీ మడతల్లో ఉన్నాయి. నాలుగు చొక్కాలు, మూడు పైజామాలు, ఆరు జతల తెల్ల మేజోళ్ళు, గుడ్డ టోపీ ఒకటి, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న నేత దుప్పటి.

హీథర్ వంగి ఒక చొక్కా అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దింది. "కాటన్" అంది. పైజామా పట్టుకుంది. "కాటన్." మేజోడు తిరగేసింది. టోపీ చేతిలోకి తీసుకుంది. దుప్పటి దగ్గరికొచ్చేసరికి నిటారుగా లేచి నిలబడింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"శేషు, లిస్టులో మొదటి లైనే కాటన్ వద్దని కదా. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. పడవలో తడవకుండా ఎవరూ ఉండరు. లిస్టు నీకు అందిందా?" హీథర్ గొంతులో కోపం లేదు.

శేషుకుమారి గొంతు సవరించుకుంది. "యెస్. ఐ మీన్... దే టోల్డ్ మీ. ఐ ఆస్క్‌డ్..." అని ఆగిపోయింది. తల తిప్పి కరోలిన్ వైపు చూసింది. ఒక్కసారే చూసింది.

హీథర్ కూడా చూసింది. "నువ్వు పంపావుగా?"

మెయిల్ సంగతి కరోలిన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. అయినా తనేం తక్కువ చేసిందని? ఊల్ అని తెలుగులో రెండుసార్లు చెప్పింది, మూడుసార్లు చెప్పింది. విన్న మనిషి తప్పుగా వింటే తనేం చేస్తుంది? "నేను ఫోన్లో అన్నీ వివరంగా చెప్పాను, ఒక్కొక్క ఐటమ్" అంది. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చెప్పేసి, ఎప్పుడో బిగించిన తన సంచి మూతిని విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టింది.

హీథర్ శేషుకుమారి వైపు తిరిగింది. "బట్టలు మార్చుకోవచ్చు, అదేం పెద్ద విషయం కాదు. కానీ నీళ్ళమీద నేను కుడివైపు అంటే కుడివైపే రావాలి. అన్నీ వివరంగా చెప్పాక కూడా ఇలా సర్దుకొచ్చిన మనిషిని రెండ్రోజులు చన్నీళ్ళ మీదికి తీసుకెళ్ళలేను. మార్క్ వెయిటింగ్‌లో ఉన్నాడు, అతన్ని పిలుస్తాను. సారీ శేషు."

"ఇట్స్ ఓకే" అంది శేషుకుమారి. పరిచినవన్నీ మళ్ళీ పాత మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ పనికి ఎక్కడలేని సమయం పట్టింది. మిగతా వాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. కరోలిన్ వేలికి సంచి కట్టు రాసుకుని చర్మం లేచింది.

ఇంటికొచ్చేసరికి అమృతం వంటింట్లో చపాతీలు వత్తుతోంది. కరోలిన్ ఫ్రిజ్‌కి ఆనుకుని జరిగినదంతా చెప్పింది. చెప్పేటప్పుడు తనవైపు కాస్త మొగ్గు వేసుకునే చెప్పింది.

"ఎంత క్లియర్‌గా చెప్పానో తెలుసా మమ్మీ? అన్నీ నూలువే తెచ్చుకో అంటే, మొత్తం కాటన్ తెచ్చుకుందామె. పూర్ థింగ్."

"మరి నూలంటే కాటనేగా" అంది అమృతం, పెనంమీద చపాతీ తిరగేస్తూ.

"కాదు, ఊల్."

"ఊలు వేరు, నూలు వేరు. నూలంటే పత్తితో వడికేది. కాటన్ చీరని నూలు చీర అనమూ?"

"మరి అమ్మమ్మ వచ్చినప్పుడు ఆ బాల్స్ పెట్టుకుని అల్లేది? అది నూలే అనేది కదా."

"ఊలమ్మా, ఊలు! ఉన్ని. అమ్మమ్మకి పళ్ళు లేక నీకెట్టా వినపడిందో!" అమృతానికి నవ్వాగలేదు. అప్పడాలకర్ర పక్కన పెట్టి మరీ నవ్వింది. "రౌస్ హిల్‌లో కాత్యాయని ఆంటీతో చెప్తే నెల రోజులు నవ్వుతుంది. నీ తెలుగు గురించి ఆవిడ చెప్పని చోటు లేదు..." అంటూ కళ్ళు తుడుచుకుని కూతురి ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైందే?"

నువ్వనేది నూలేనా అని శేషుకుమారి అడిగిన ప్రశ్న ఇప్పుడు కరోలిన్ చెవిలో మోగుతోంది. ఒకసారి కాదు, తిప్పి తిప్పి అడిగింది. అడిగిన ప్రతిసారీ తను ఇంకాస్త గట్టిగా చెప్పింది. పైగా నవ్వింది. నడి చలికాలంలో, షాపులన్నీ ఉన్ని బట్టలతో నిండి ఉన్నప్పుడు, అచ్చమైన కాటన్ కోసం ఆ మనిషి ఎన్ని షాపులు తిరిగిందో! కరోలిన్ ఫ్రిజ్ వైపు ముఖం తిప్పుకుంది.

"ఊరుకో. తెలియక జరిగింది. రేపు పులిహోర చేసిస్తా, తీసుకెళ్ళి సారీ చెప్పిరా. మనసులో పెట్టుకోదులే" అంది అమృతం. ఆమె లెక్కలో పులిహోరతో తీరని తప్పు లేదు.

శుక్రవారం పదకొండింటికి డబ్బా పట్టుకుని వెళ్ళింది కరోలిన్. శేషుకుమారి ఉండేది రెండు వీధుల అవతల, మరో ముగ్గురితో కలిసి తీసుకున్న ఇంట్లో. తలుపు తీసి, ఆశ్చర్యపోకుండా, "రా" అంది. మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. ప్రాజెక్టు వాయిదా కోరుతూ సారుకు రాస్తున్న మెయిల్ సగంలో ఆగి ఉంది. కరోలిన్ చూడకూడదనుకుంటూనే చూసింది.

నిలబడే చెప్పేసింది. అమ్మమ్మ బోసి నోటి దగ్గర్నుంచి అమ్మ నవ్వు దాకా, మెయిల్ పంపకపోవడం కూడా, ఏదీ దాచకుండా చెప్పింది. "ఐయామ్ సో సారీ అక్కా. నాకు నిజంగా తెలీదు."

శేషుకుమారి డబ్బా అందుకుని బల్లమీద పెట్టింది. "తెలుసు. షెడ్డులో ఆవిడ కాటన్ అన్నప్పుడే నాకర్థమైంది, నువ్వు ఊలనబోయి నూలన్నావని."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"ఎవరికి? ఏమని?" శేషుకుమారి గొంతు పెరగలేదు. "నేను గొంతు సవరించుకుని నూలు, ఊలు అంటూ ఇంగ్లీషులో మొదలుపెడితే ఎవరు వింటారు కరోలిన్? అన్నీ చెప్పానని నువ్వు అంత నీట్‌గా అనేశావు. నీ ఇంగ్లీషు ముందు నా ఇంగ్లీషు నిలబడుద్దా?"

కరోలిన్ తల వంచుకుంది. "అందుకే నీకు సారీ చెప్దామని..."

"నాకు చెప్తే ఏం లాభం? నాకు తెలుసుగా. తెలియంది ఆవిడకి."

కరోలిన్ తలెత్తి, "రేపు పొద్దున ఆరున్నరకి వచ్చెయ్ అక్కా, హీథర్‌తో నేను మాట్లాడతా" అంది.

"మాట్లాడాక పిలువు" అంది శేషుకుమారి.

అక్కణ్ణుంచి పార్కు బెంచీ దాకా నడిచి, హీథర్‌కు మెయిల్ రాయబోయింది కరోలిన్. చిన్న పొరపాటు జరిగినట్టు తెలిసింది, అని రాసింది. ఎవరు చేశారో చెప్పకుండా పొరపాటు దానంతటదే జరిగినట్టు రాయడానికి ఇంగ్లీషు బాగానే ఒదుగుతుంది, రాసేవాళ్ళకి చేతనైతే. కరోలిన్‌కు చేతనవును. రెండోసారి చదువుకుంటే అసహ్యమేసింది. చెరిపేసింది. మళ్ళీ రాసింది, ఈసారి శేషుకుమారి పేరు ముందొచ్చింది, తన పేరు ఆఖరి లైనులో వచ్చింది. అదీ చెరిపేసింది. చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. సహాయకురాలి పని పోతుంది. నాలుగు నెలలుగా ఎదురుచూసిన నది పోవచ్చు. చెప్పకపోతే ఏమీ కాదు. ఆ అమ్మాయి ఎవరికీ చెప్పదు, అమ్మ రెండ్రోజుల్లో మరిచిపోతుంది. ఏమీ కాదన్న ఆ మాటే ఆమెను భయపెట్టింది. ఫోన్ తీసి హీథర్ నంబరు నొక్కింది.

హీథర్ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. "మాట పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. లిస్టు పంపడం మరిచిపోవడం కూడా, సరే, మనుషులన్నాక మరిచిపోతారు" అంది చివరికి. "కానీ గురువారం నేను నిన్ను అడిగాను."

"అవును."

"ఆమెను పంపించేస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు."

"అవును."

హీథర్ నిట్టూర్చింది. పడవల్లో విద్యార్థులకు ఉన్నవి, కరోలిన్‌తో కలిపి, ఆరు చోట్లే. మార్క్‌ని రమ్మని పిలిచాక మళ్ళీ వద్దనడం బాగుండదు. "నదిమీద పొరపాటు జరిగితే వెంటనే చెప్పే మనిషి నాకు పక్కన కావాలి కరోలిన్. నీ చోటు శేషుకి ఇస్తున్నాను. పొద్దున నువ్వూ రా. అందరి ముందూ ఆమెను పంపించాను కాబట్టి అందరి ముందూ నువ్వే చెప్పు."

కరోలిన్ సరేనంది. వెంటనే శేషుకుమారికి ఫోన్ చేసింది. "చెప్పానక్కా. నిన్ను రమ్మంది. నా బ్యాగ్ అంతా రెడీగా ఉంది, మన సైజులు ఒకటే. అదే తీసుకెళ్ళు."

"మరి నువ్వు?"

"నేను రావట్లేదు."

"ఊఁ" అంది శేషుకుమారి. "ఆరున్నరకి కదా. వస్తా."

శనివారం పొద్దున యూని పార్కింగ్‌లో గడ్డిమీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. మాట్లాడితే నోట్లోంచి పొగలొస్తున్నాయి. వ్యాన్ వెనక ట్రైలర్ మీద మూడు పడవలు బోర్లించి కట్టారు. విద్యార్థులు చేతులు చంకల్లో పెట్టుకుని గుంపుగా నిలబడ్డారు. శేషుకుమారి కాస్త ఎడంగా ఉంది. హీథర్ కరోలిన్ వైపు చూసి తల ఊపింది.

రాత్రంతా వల్లెవేసుకున్నది పెద్ద ఉపన్యాసమే. తీరా నోరు తెరిచేసరికి నాలుగు వాక్యాలొచ్చాయి. "శేషుకి నేను లిస్టు పంపలేదు. ఊల్‌కి తెలుగు మాట అనుకుని కాటన్ అనే మాట చెప్పాను. తను రెండుసార్లు అడిగితే నవ్వాను. గురువారం అంతా తెలిసి కాకపోయినా, కొంత తెలిసే ఊరుకున్నాను." ఎవరూ నవ్వలేదు. మార్క్ బూటు కొనతో మంచు గీకాడు. హీథర్ శేషుకుమారి ముందుకెళ్ళి, "నేను నిన్ను ఇంకొక్క ప్రశ్న అడగాల్సింది. అడగలేదు. క్షమించు" అంది. శేషుకుమారి తల ఊపింది.

కరోలిన్ తన సంచి తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. మూతి మూడు మడతలు, గురువారం హీథర్ మెచ్చుకున్న మడతలే. "అన్నీ ఉన్నాయక్కా. అలాగే ట్రైలర్లో పడెయ్యొచ్చు."

శేషుకుమారి సంచి ఎత్తలేదు. నేలమీద మోకాళ్ళు ఆనించి కట్టు విప్పింది. మూడు మడతలూ విప్పింది. పైనున్న చుట్ట తీసి పరిచి, మెడ దగ్గర కుట్టిన చిన్న పట్టీ తిప్పి చదివింది. పక్కన పెట్టింది. రెండోది తీసింది, పట్టీ చదివింది. మేజోళ్ళకు పట్టీ లేకపోతే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూసింది. తొందర లేదు, కోపమూ లేదు. అందరూ చూస్తున్నారని సిగ్గూ లేదు. కరోలిన్ పక్కన నిలబడి అంతా చూసింది. అన్నీ ఊలే అక్కా అని నోటిదాకా వచ్చింది కానీ అనడానికి ధైర్యం చాలలేదు. ఆమెకు ఆ మాట చెప్పే అర్హత తనకిప్పుడు లేదు.

చివరి జత దాకా చూశాక శేషుకుమారి అన్నీ మళ్ళీ చుట్టి సంచిలో కూరింది. మోకాలితో నొక్కింది. గాలి పోలేదు. ఇంకోసారి నొక్కి తలెత్తి, "అటు పట్టుకో" అంది. కరోలిన్ గబుక్కున కూలబడి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ ఒంటి బరువంతా ఆనిస్తే లోపలున్న గాలి బుస్సుమని బయటికొచ్చింది. శేషుకుమారి మడతలు లెక్కపెట్టుకుంటూ తనే మూతి బిగించింది.

వ్యాన్ తలుపు దగ్గర ఒక కాలు లోపల పెట్టి వెనక్కి తిరిగింది. "పులిహోర బాగుందని ఆంటీకి చెప్పు."

"చెప్తా."

తలుపు పడింది. అద్దం వెనక శేషుకుమారి సీటు బెల్టు వెతుక్కుంటోంది. వ్యాన్ మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా కరోలిన్ అక్కడే నిలబడింది. నిన్నట్నుంచీ తను ఒక్క మాట కోసం కాచుకుని ఉందని అప్పుడు తెలిసింది. పర్లేదులే అనే మాట కోసం. శేషుకుమారి ఆ మాట అనలేదు. అంటే ఎంత హాయిగా ఇంటికెళ్ళి పడుకునేదో కరోలిన్‌కు తెలుసు. అనకపోవడమే మంచిదయిందని అనుకోవడానికి ప్రయత్నిస్తూ, చలికి ముడుచుకుని స్టేషన్ వైపు నడిచింది.